ఎనిడ్ మడి

ఆ శనివారం ఉదయం క్లెమెంట్ ఓల్డ్‌రాయిడ్ పెట్టుకున్న పని చిన్నదే. టీ తాగి, మడికి వారం తడి పెట్టి, రేడియోలో క్రికెట్ మొదలయ్యే వేళకు ఇల్లు చేరడం.

షెఫీల్డ్‌లో కొండవాలున మునిసిపాలిటీ కౌలుకిచ్చే కూరగాయల మళ్ళలో అదొకటి. ఇన్నేళ్ళూ దాన్ని చూసుకున్నది అతని భార్య ఎనిడ్. ఆమె వసంతంలో పోయింది. ఆస్పత్రిలో ఆమె అన్న చివరి మాటల్లో ఒకటి తోట గురించే. "వారానికి ఒక్కసారి, వేళ్ళ దాకా దిగేట్టు పొయ్యి. మిగతా రోజులు దాని జోలికి పోకు."

అంతకుముందు క్లెమెంట్ తోట ముఖం చూసినవాడు కాదు. రోజూ సాయంత్రం ఆమె "నీళ్ళు పోసొస్తా" అని బయలుదేరేది. అతను రేడియో ముందు కూర్చుని అందులోవాళ్ళ పొరపాట్లను గట్టిగా దిద్దుతూ ఉండేవాడు. ఇప్పుడు మాత్రం ఆ మడి చేజారకూడదని పట్టుదల. పంట పాడైన మడిని తోట కమిటీ వెనక్కి తీసుకుంటుంది. దాని కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆగస్టులో తనిఖీ.

వారానికొక తడి ఎందుకు చాలునో అతను గేటు దగ్గర దొరికినవాళ్ళందరికీ వివరించాడు. విన్నవాళ్ళు "ఓహో, అలాగా" అన్నారు. ఆ ఊళ్ళో ఆ మాటకు మీరు చెప్పేది తప్పని అర్థం. అంతకు మించి అనడం మర్యాద కాదు.

పక్క మడి డోరీన్ హేగ్, పాపం దుఃఖంలో ఉన్న మనిషికి ధ్యాస లేదనుకుని, రోజూ పొద్దుగూకే వేళ అతని మొక్కలకు నీళ్ళు పోయసాగింది. కమిటీ కార్యదర్శి నోరిస్ బర్కెట్ కూడా అదే జాలితో రోజూ పొద్దున్నే గొట్టం పట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చేసిన ఉపకారం చెప్పుకోవడం బాగుండదు కదా.

ఆ శనివారం క్లెమెంట్ వెళ్ళేసరికి మడి చిత్తడిగా ఉంది. బీన్స్ ఆకులు పసుపెక్కాయి. ఉల్లిగడ్డలు మెత్తబడ్డాయి. వాన చుక్క పడి చాలా రోజులైంది. అతను తిన్నగా నోరిస్ దగ్గరికి నడిచాడు.

"నా మడి కింద పైపు పగిలిందయ్యా, నోరిస్."

నోరిస్ చెవులు ఎర్రబడ్డాయి. "అలాగని గట్టిగా చెప్పలేం కదా."

"చెప్పలేకపోవడానికేముంది? నేను పోయలేదు. మరి దేవదూతలొచ్చి పోస్తున్నారా?"

దేవదూత తన గొట్టం చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

మునిసిపాలిటీకి ఫిర్యాదు వెళ్ళింది. వాళ్ళు తోట మొత్తానికీ నీళ్ళు ఆపేసి, పైపు వెంట తవ్వుకుంటూ పోయారు. ఆ పైపు నోరిస్ గుమ్మడి పాదు కిందుగా వెళ్తోంది. శరత్కాలంలో జరిగే పెద్ద గుమ్మడికాయల పోటీకని అతను పిల్లాడిలా పెంచుకున్న కాయ అది. ఒక్క మాట చెబితే బతికేది. అతను తవ్వేవాళ్ళకు టీ కావాలా అని అడిగాడు. చక్కెర ఎంతో కూడా అడిగాడు.

పగిలిన పైపు దొరకలేదు. తవ్వకం మాత్రం ఆగలేదు. ఎండ ముదిరింది. కొండవాలంతా మాడిపోయింది. అందరికీ కోపం వచ్చింది. అందుకని ఒక్కొక్కరే వచ్చి క్లెమెంట్ ఆరోగ్యం ఎలా ఉందని అడిగి వెళ్ళారు. చివరికి తన టమాటాలన్నీ వడలిపోయాక డోరీన్ ఉండబట్టలేకపోయింది. క్లెమెంట్, నోరిస్ ఇద్దరూ గొయ్యి పక్కన నిలబడి ఉండగా వచ్చి చెప్పేసింది.

"నేనే పోశాను, క్లెమెంట్ గారూ. రోజూ సాయంత్రం. పాపం అనిపించి."

నోరిస్ గొంతు సవరించుకున్నాడు. "పొద్దున పూట నేను."

క్లెమెంట్ తన మడి వైపు చెయ్యి చూపాడు. ముందు దిగిన తడి సరిపోయి, ఇక ఎవరూ నీళ్ళు పోయకపోవడంతో బీన్స్ తేరుకుని కొత్త చిగుళ్ళు వేశాయి. తోట మొత్తంలో పచ్చగా ఉన్నది అదొక్కటే.

"ఎనిడ్ చెప్పనే చెప్పింది, వారానికి ఒక్కసారని. మీరెందుకు నమ్మలేదు?"

"ఎలా నమ్ముతాం?" అన్నాడు నోరిస్. "ఆవిడ రోజూ వచ్చేది కదా."

"వచ్చేది. నీళ్ళు పోయడానికి."

ఒకసారి నిజం చెప్పాక డోరీన్‌కు ఆపుకోవడం కష్టమైనట్టుంది. "నీళ్ళు శనివారమే పోసేది. తక్కిన రోజులు అదిగో, ఆ కుర్చీలో కూర్చునేది, ఫ్లాస్కులో టీ పెట్టుకుని."

"కూర్చుని ఏం చేసేది?"

"ఏమీ లేదు. ఇక్కడ చప్పుడుండదనేది."

క్లెమెంట్ ఆ కుర్చీ దగ్గరికి నడిచాడు. దాని మీది ఎండుటాకు తీసేసి, కూర్చున్నాడు. ఆ సాయంత్రం అతను ఎవరికీ ఏమీ వివరించలేదు.

గోతులు పూడ్చి, నీళ్ళు మళ్ళీ వదిలారు. తనిఖీలో మడి అతనికే దక్కింది. ఆ తర్వాత అతను కూడా రోజూ సాయంత్రం ఫ్లాస్కుతో వచ్చి ఆ కుర్చీలో కూర్చోసాగాడు. మొదటి రెండు రోజులూ మౌనంగా ఉన్నాడు. మూడో రోజు అటుగా వెళ్తున్న డోరీన్‌ను ఆపి, వేళ్ళు లోతుకు ఎందుకు దిగుతాయో వివరించడం మొదలుపెట్టాడు.

ఆగస్టు చివరికి ఎనిడ్ పద్ధతే అందరూ పాటిస్తున్నారు. వారానికి ఒకసారికి మించి ఎవరూ తోటకు రావడం లేదు.