పట్టించినవారికి ఐదు వేలు

బక్కయ్యకు బామ్మర్ది రంజిత్ మీద ఉన్న కోపం వయసు ఇరవై రెండేళ్లు. పెండ్లైన ఏడాదే వాడు అడిగి తీసుకుపోయిన నీళ్ల మోటారు కాలిపోయి తిరిగొచ్చింది. వాడు చూపించిన చోట వేసిన బోరులో నీళ్లకు బదులు దుమ్ము లేచింది. వాడు ఆగమన్నాడని ఆగి అమ్మిన వేరుశనగకు సరిగ్గా ఆ వారమే ధర పడిపోయింది. ఇన్ని జరిగినా బక్కయ్య వాణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. పెండ్లాం తమ్ముణ్ణి అంటే ఆ పూట అన్నం కంచంలోకి ఎట్లా వస్తుందో ఆయనకు తెలుసు.

ఆ రంజిత్ ఇప్పుడు గద్వాలలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. పోయిన నెల బక్కయ్య ఫోను బస్సులో ఎవడో కొట్టేస్తే, కొత్తది అమ్మి, అందులో దొంగలను పట్టే యాప్ కూడా ఎక్కించి ఇచ్చాడు.

"నీ బొటనవేలుకే తెరుచుకుంటది బావా. వేరేటోని వేలు మూడుసార్లు పడిందంటే దొంగ ఫొటో అదే తీసి అక్కకూ నాకూ పంపుతది. ఇగ నేను ఈడ కూసోనే దానికి తాళమేస్త, మొత్తుకునేటట్లు చేస్త. సైలెంట్ల పెట్టినా ఆగదు" అన్నాడు.

ఆ రోజు దుకాణంలో బక్కయ్య వేలిని సబ్బుతో కడిగించి, నూనె రాయించి, పదిసార్లు ఒత్తిస్తే ఎట్లనో పడింది. ముప్పై అయిదేళ్లు పార పట్టిన వేలు అది. రేషను దుకాణంలో మిషను దాన్ని మనిషి వేలుగా ఒప్పుకోక మూడేళ్లయింది, బియ్యానికి పెండ్లాం మల్లమ్మే పోతుంది. ఈ సంగతి రంజిత్‌కు తెలుసు. యాప్‌కు తెలియదు.

శనివారం పొద్దున బక్కయ్య ఎడ్ల జతను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఇటిక్యాల నుంచి పెబ్బేరు అంగడికి బయలుదేరాడు. ఎడ్లు అమ్మాలి, సాయంత్రానికి డెబ్బై వేలు తెచ్చి శాంతమ్మ చేతిలో పెట్టాలి. శాంతమ్మది రెండెకరాల పైచిలుకు చేను, ఆయన చేనుకు ఆనుకునే ఉంటుంది. ఆరేళ్లుగా కౌలుకు చేస్తున్నాడు. ఎర్రచెలకగా ఉన్నదానికి చెరువు మట్టి తోలి, రాళ్లు ఏరి, విత్తనపత్తి పండే నేలగా చేసుకున్నాడు. ఇప్పుడు ఆమె మూడేళ్లకు కొత్త కాగితం రాస్తోంది. మనవరాలిని కాలేజీలో చేర్పించడానికి ఆ రాత్రే హైదరాబాదు బస్సు ఎక్కుతోంది.

"నీకే ఇస్త బక్కయ్యా. కానీ పొద్దుగూకే లోపల పైసలు రావాలె. రాకుంటే ఎవరిస్తే వాళ్లకు రాసిస్త. నా పిల్ల చదువు ఆగొద్దు" అని ముందే చెప్పింది.

ట్రాలీ నడిపే పాల్ ఎడ్లను అంగట్లో దింపి, ఇంకెవరివో మేకలు వనపర్తికి వేసిరావడానికి పోయాడు. మూడింటికల్లా వస్తానన్నాడు. అంగట్లో బక్కయ్యను ఎరిగినవాడు ఆ ఒక్కడే.

బేరగాడు లింగయ్య వచ్చి ఎడ్ల పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, తువ్వాల తీశాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరూ తువ్వాల కింద చేతులు కలిపి, ఒకరి వేళ్లు ఒకరు ఒత్తుకుంటూ బేరం చేస్తారు. చుట్టూ ఉన్నవాళ్లకు ముఖాలే కనిపిస్తాయి, అందుకని ముఖాలు ఎడ్లను చూస్తుంటాయి. బేరంలో ఫోను మోగితే ధర జారుతుందని బక్కయ్యకు ఒక నమ్మకం. అందుకే పొద్దుననే దాన్ని సైలెంటులో పెట్టాడు.

తొంభై దాటింది. లింగయ్య చాయి తాగొస్తానని లేచాడు. ఈ సందులో శాంతమ్మకు పైసలు వస్తున్నాయని ఒక మాట చెబుదామని బక్కయ్య బనీను జేబులోంచి ఫోను తీసి వేలు పెట్టాడు. తెరుచుకోలేదు. తువ్వాలతో తుడుచుకుని పెట్టాడు, తెరుచుకోలేదు. ఉమ్మి రాసి పెట్టాడు. ఫోను ఒకసారి మెరిసి ఊరుకుంది. సాయంత్రం చెబుదాంలే అని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఇంటి దగ్గర మల్లమ్మ ఫోనులో దొంగ ఫొటో పడింది. ఫొటో కింది నుంచి తీసింది కాబట్టి అందులో రెండు ముక్కు రంధ్రాలు, వాటి పైన ఒక మీసం, మీసం పైన తలకు చుట్టిన తువ్వాల ఉన్నాయి. మల్లమ్మ దాన్ని చాలాసేపు చూసి, వీని ముఖం పాడుగాను, చూడంగనే దొంగ అని తెలుస్తుందని వాడకట్టుకంతా చూపించింది. భర్తకు ఏడుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. తమ్మునికి చేసింది.

రంజిత్ గద్వాలలో కూర్చున్నచోటనే తాళం వేశాడు. లింగయ్య చాయి తాగి వచ్చి, తువ్వాల కప్పి, బక్కయ్య చేయి అందుకుని తొంభై ఐదు దగ్గర ఒత్తుతుండగా బనీను జేబు మొత్తుకోవడం మొదలుపెట్టింది. అంబులెన్సు వచ్చిందనుకుని జనం దారి ఇచ్చారు. తర్వాత మూగారు. ఒకడు ఫోను లాగి, దాని మీద పడ్డ అక్షరాలు పెద్దగా చదివాడు. ఈ ఫోను దొంగతనం చేయబడింది, ఎత్తుకుపోయినవాణ్ణి పట్టించినవారికి ఐదు వేలు బహుమానం. కింద రంజిత్ నంబరు.

దొంగను పట్టుకోవడానికి లింగయ్య ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేకపోయింది. చేయి ముందే చేతిలో ఉంది.

బక్కయ్య ఫోను తనదేనన్నాడు. అట్లయితే తెరువమన్నారు. నంబర్లన్నీ ఫోనులోనే ఉన్నాయి గాని ఆయనకు నోటికి ఒక్కటీ రాదు. లింగయ్య తన ఫోనులోంచి రంజిత్‌కు కలిపాడు. దొంగ దొరికాడని, పేరు బక్కయ్య అంటున్నాడని చెప్పాడు.

"మా బావ పేరు గూడ వానికి ఎరుకంటే, మా బావను ఏం జేసిండో అడుగన్నా" అన్నాడు రంజిత్ భయపడి.

ఫోను ఇటివ్వమని బక్కయ్య గుంజుకున్నాడు. ఎండలో నిలబడి ఉన్నాడు, చేయి ఇంకా లింగయ్య చేతిలోనే ఉంది, ఎడ్లకు నీళ్లు పెట్టలేదు. ఇరవై రెండేళ్ల నుంచి లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. మోటారుతో మొదలుపెట్టాడు. బోరు మీదుగా వేరుశనగ దాకా వచ్చాడు. నడుమ రంజిత్ పుట్టుక గురించి, వాడి దుకాణం గురించి, వాడి బుర్రలో ఉన్న పదార్థం గురించి అంగడి మొత్తం వినేటట్లు చెప్పాడు. మేకలు కూడా మేత ఆపాయి.

లింగయ్య ఫోను తిరిగి లాక్కుని చెవికి పెట్టుకున్నాడు. అవతల నుంచి రంజిత్ మెల్లగా అన్నాడు.

"అన్నా, వాడు మా బావ కాదు. మా బావ దేవుడు. నన్ను ఒక్క మాట అన్నోడు కాదు. వీడు మా బావను కొట్టి ముచ్చట్లన్నీ కక్కిచ్చుకున్నట్లుండు. ఇడువకుండ్రి. అక్కకు జర ధైర్యం చెప్పి వస్త."

దాంతో బక్కయ్యను వేపచెట్టు మొదట్లో, ఆయన ఎడ్ల పక్కనే కూర్చోబెట్టారు. ఎడ్లు కూడా దొంగవేనేమోనన్న మాట అంగడంతా పాకింది.

మూడింటికి వస్తానన్న పాల్ నాలుగింటికి వచ్చాడు. ఏందే బక్కన్నా గిట్ల కూసున్నవని పలకరించాడు. అప్పుడు బక్కయ్య బక్కయ్య అయ్యాడు. లింగయ్య చాలా మర్యాదగా తువ్వాల కప్పి బేరం మళ్లీ మొదలుపెట్టాడు గాని, ఒకసారి దొంగవనిపించుకున్న ఎడ్లకు తొంభై ఐదు ఎవరూ ఇవ్వరని వేళ్లతో చెప్పాడు. ఎనభై రెండు దగ్గర ఆగాడు. అందులోంచి ఐదు వేలు పట్టుకున్నాడు.

"ఇదేంది?" అన్నాడు బక్కయ్య.

"బహుమానం. నిన్ను పట్టింది నేనే గద పెద్దమనిషీ. నీ ఫోన్ల నువ్వే రాసుకున్న మాట."

బక్కయ్యకు పొద్దు మీద ధ్యాస, ఇంటికి కబురు చేయించాలని కూడా తోచలేదు. మిగిలిన డెబ్బై ఏడు వేలు పంచె కట్టులో దోపుకుని ట్రాలీ ఎక్కాడు. కృష్ణ దాటేటప్పుడు పొద్దు ఇంకా బారెడు ఉంది. ఇంటి ముందు దిగేటప్పటికి మూరెడు ఉంది.

వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పొయ్యి వెలిగించినట్లు లేదు. మల్లమ్మ ఆయన ముఖం చూసి, చేతిలోని ఫొటో చూసి, మళ్లీ ముఖం చూసింది.

"ఈ దొంగోడు నువ్వేనా?" అని కండ్లు తుడుచుకుంది.

రంజిత్ పరుగున వచ్చి కాళ్లకు చుట్టుకున్నాడు. వాడి కండ్లు నిజంగానే వాచి ఉన్నాయి. శాంతమ్మ సంచి సర్దుకుని అరుగు మీద కూర్చుని ఉంది. బక్కయ్య పంచె కట్టులోంచి డెబ్బై వేలు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టలేదు.

"దొంగోడు నిన్ను సంపి ఫోను ఎత్తుకపోయిండన్నరు బక్కయ్యా. నాకేం తెలుసు? మీ మల్లమ్మ ఆగమైతదని, మీ వాళ్ల చేతిలోనే ఉండాలని రంజిత్‌కే రాసిచ్చిన. పైసలు నా మనవరాలికి గింతకు ముందే ఫోన్ల పంపిన" అంది.

బక్కయ్య బామ్మర్ది వైపు తిరిగాడు.

"నీ కోసమే తీసుకున్న బావా. నీ పేరు మీదనే రాయమన్న. చచ్చినోళ్ల పేరు మీద రాయరంట."

"ఇప్పుడు బతికిన గద. నా పేరు మీద మార్చు."

రంజిత్ తల గీక్కున్నాడు. ఆ చేనులో తన పేరు మీదనే విత్తనపత్తి వేస్తానని కంపెనీవాళ్లతో పొద్దుననే మాట్లాడుకుని, ఇప్పుడు బయానా పైసలు కూడా తీసుకున్నానని, మూడేళ్లు మూడు నిమిషాల్లాగా పోతాయని, అంతదాకా బావ కూలికి వస్తే పరాయివాళ్లకంటే ఎక్కువే ఇస్తానని చెప్పాడు. తమ్మునికి ఎంత ప్రేమో అని మల్లమ్మ మళ్లీ ఏడ్చింది. బక్కయ్య అనవలసిందంతా పొద్దున అంగట్లోనే అయిపోయింది.

రంజిత్ ఫోనుకు తాళం తీసి బావ చేతిలో పెట్టాడు. పోగొట్టుకున్నది దొరికిందా అని యాప్ తెర మీద అడుగుతోంది. అవునో కాదో చెప్పడానికి బక్కయ్య బొటనవేలు పెట్టాడు. తెరుచుకోలేదు.

పోయింది రెండెకరాల పదమూడు గుంటలు, మీద తోలిన చెరువు మట్టి తొంభై ట్రాక్టర్లు.