చెవిబిళ్ల ఓటరు

మనుషుల్ని నమ్మి ఎన్నికలు జరిపే అనాగరిక యుగం ముగిసిందని వికారాబాద్‌లో ఒక మంగళవారం అధికారికంగా ప్రకటించారు. ఇక అంతా బ్లాక్‌చెయిన్. అంటే ఒకే లెక్కను వెయ్యి కంప్యూటర్లు గొలుసుకట్టుగా రాసిపెట్టుకుంటాయి. ఒకసారి ఎక్కిన అక్షరాన్ని బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడు. (ఆయన రాసే నుదుటిరాతకూ ఇదే సౌకర్యం ఉంది. ఫలితాలు మనకు తెలిసినవే.)

తొలి ప్రయోగానికి తాండూరు వైపు ఒక గొర్రెల పెంపకందార్ల సంఘం ఎన్నికను ఎంచుకున్నారు. కాపరి భీమప్పకు పట్టరాని సంబరం. అధ్యక్ష పదవికి నిలబడింది ఆయన బిడ్డ నాగరాణి. గెలిస్తే వానలకు ముందే టీకాలు తెప్పిస్తానంది. నిరుడు అవి ఆలస్యమై భీమప్ప మందలో పదిహేడు గొర్రెపిల్లలు పోయాయి.

చిక్కంతా నమోదు రోజే వచ్చిపడింది. పారదర్శక ఓటు ఉప సమన్వయాధికారి విజయ్‌కుమార్ తలెత్తకుండా "నంబర్ జూపియ్యి కాకా" అన్నాడు. భీమప్ప జన్మలో గడప తొక్కిన ఆఫీసు పశువుల దవాఖాన ఒక్కటే. అక్కడ నంబరంటే గొర్రె చెవి ముందుకు లాగాలి. సంతకు తోలుకుపోతున్న పొట్టేలు పక్కనే ఉంది, లాగాడు. చెవికున్న పసుపు బిళ్ల మీద పన్నెండంకెలు. ఆధార్‌కూ పన్నెండే. యంత్రం సంతోషంగా ఒప్పుకుంది.

తప్పు తెలిసి పరుగెత్తుకొస్తే విజయ్‌కుమార్ ప్రేమగా కూర్చోబెట్టాడు.

"చెరిపేటట్టుంటే ఇగ నమ్మకమేముంటది కాకా? రికార్డుల భీమప్ప అంటే గీ పొట్టేలే. పోలింగ్ దినం పంపు."

"మరి నేనెవర్ని సారూ?"

"నువ్వు రికార్డుల లేవు. ఫికర్ చెయ్యకు, తప్పుగ గూడ లేవు."

పోలింగ్ నాడు భీమప్ప భార్య రామమ్మ పొట్టేలుకు స్నానం చేయించి బొట్టు పెట్టింది. బూత్ గోడ మీద గుర్తులు చూడగానే భీమప్ప పొట్టేలు కళ్లకు తువ్వాలు అడ్డం పెట్టాడు. నాగరాణిది బొచ్చు కత్తెర. ఆమె మీద పోటీకి దిగిన గణేశ్‌ది పచ్చగడ్డి మోపు.

ఓటరు వెంట ఎవరూ లోపలికి పోరాదు (రహస్య ఓటు). ఎవరు దేనికి వేశారో బయట టీవీలో చూపాలి (పారదర్శకత). రెండు నిబంధనలూ గోడకు చెరో పక్క నిక్కచ్చిగా అమలయ్యాయి. భీమప్ప గుమ్మంలోంచి "డుర్ర్, డుర్ర్" అని పిలిస్తే, వంద మీటర్ల లోపల ప్రచారం నిషిద్ధమని పోలీసు పక్కకు నెట్టాడు.

తలుపు సందులోంచి అంతా కనబడుతూనే ఉంది. ఓటు యంత్రం టచ్‌స్క్రీన్ మీద కత్తెర బొమ్మ చూసి పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేసింది. తర్వాత ముందుకొచ్చి గడ్డిమోపు బొమ్మను తనివితీరా నాకింది. టీవీలో పడింది: భీమప్ప, గడ్డిమోపు.

నాగరాణి ఒక్క ఓటుతో ఓడింది. ఎవరి ఒత్తిడికీ లొంగకుండా పడిన ఏకైక ఓటు ఇదేనని విజయ్‌కుమార్ తన నివేదికలో ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

భీమప్ప మెట్ల మీద కూలబడ్డాడు. బిడ్డ ముఖం చూడలేకపోయాడు. "నోరులేని జీవం బిడ్డా. గడ్డి జూసి ఏసింది."

రామమ్మ కొంగుతో పొట్టేలు మూతి తుడుస్తూ అంది: "మనకు నోరున్నది గద. ఇన్నేండ్లు మనమేం జూసి ఏసినం?"