పది మార్కుల తుఫాను

తెలిసిన సంగతికీ, దానికి పడే మార్కులకీ సంబంధం ఉంటుందని నమ్మేవాళ్ళు బందరులో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. ప్రతి మార్చికీ వాళ్ళ సంఖ్య తగ్గుతోంది గనుక ఎవరూ ఆందోళన చెందవలసింది లేదు.

జ్ఞానయ్య మాస్టారు మొన్నటిదాకా వాళ్ళలో ఒకరు. ఆయన కూతురు కృపావతి ఎస్సెల్సీ చదువుతోంది. ఆమె బడిలో సోషల్ పేపర్లు దిద్దేది గోవర్ధనరావు గారు. ఆయన వ్యాసరూప జవాబులను చదువుతూ కాలం వృథా చేసేవారు కారు. స్కేలు పెట్టి కొలిచేవారు. పది మార్కులకు మూడు పుటలు. ఉపోద్ఘాతం నాలుగంగుళాలు, ముగింపు రెండు. (మధ్యలో ఏముండాలో నిబంధన లేదు; అంతవరకు ఎవరూ వెళ్ళి చూడలేదు.) ఉపశీర్షిక కింద గీత లేకపోతే ఒక మార్కు కోత, గీత వంకరపోతే అర.

అర్ధసంవత్సర పరీక్షలో తుఫానుల వలన కలుగు నష్టములను వివరింపుమన్నారు. కృపావతి జవాబు ఇది: "గాలి వచ్చింది. ఉప్పునీళ్ళు వచ్చాయి. కోడూరులో మా అమ్మ పోయింది."

పదికి ఒకటి పడింది. పక్కన ఎర్ర సిరాతో, "వివరణ చాలదు. సొంత సంగతులు రాయరాదు" అని ఉంది. (ఆ ఒక్కటీ దస్తూరికట.)

మాస్టారు వెళ్ళి కనుక్కున్నారు. గోవర్ధనరావు గారు కుర్చీ వేయించి, మర్యాదగానే చెప్పారు.

"మీరూ టీచరేగా మాస్టారూ. నీళ్ళొచ్చాయంటే సరా అండీ? ఎన్ని విధాలుగా వచ్చాయో రాయొద్దూ? గుడివాడ నుంచి వచ్చిన కుర్రాడున్నాడు, సముద్రమే చూళ్ళేదు. తుఫాను మీద ఐదు పుటలు రాశాడు."

సెలక్షన్ పరీక్షలో సోషల్ తప్పితే పిల్లను పబ్లిక్ పరీక్షకు పంపరు. పబ్లిక్ పరీక్ష లేనిదే ట్రైనింగు స్కూలు లేదు. కూతురు టీచరు కావాలన్నది పోయిన తల్లి దేవమ్మ కోరిక. అందుచేత మాస్టారు తన నమ్మకాన్ని మడిచి పెట్టెలో పెట్టి, రాయడం నేర్పసాగారు.

"ఆదివారం పాస్టరు గారు ఒక్క వచనం తీసుకుని గంటసేపు చెప్తారు చూడు. జవాబంటే అదేనమ్మా."

"ఆయన్ని ఫెయిలు చేసేవాళ్ళు లేరుగా నాన్నా."

అయినా పద్ధతి పట్టుబడింది. మొదట ఒక వచనం, దానికి మూడు అంశాలు, ఒక్కో అంశానికి మూడు పిల్ల అంశాలు. అశోకుని పరిపాలన చివర అలవాటుకొద్దీ "ఆమేన్" అని రాసేసింది. మాస్టారు అది కొట్టేసి, "కావున" అని మొదలయ్యే వాక్యం వేయించారు. (రెండూ ఒకటే పని చేస్తాయి: అయిపోయిందని తెలిసి అందరూ స్థిమితపడతారు.)

తుఫాను దగ్గర "ప్రాణనష్టం" అని రాసి, గీత గీసి, కృపావతి కలం ఆపింది.

"దీని కింద ఏం రాయను నాన్నా?"

మాస్టారు కాసేపు పెన్సిలు చెక్కారు. అప్పటికే అది చెక్కి ఉంది.

"అపారము అని రాయి. వర్ణనాతీతము అని కూడా రాస్తే అరపుట నిండుతుంది."

సెలక్షన్ పరీక్షలో అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. కృపావతి మూడు పుటల మీద అంగుళం రాసింది. పదికి తొమ్మిది. గోవర్ధనరావు గారు ఆ జవాబును తరగతికి చూపించి, తుఫాను అంటే ఇలా ఉండాలన్నారు. పిల్లను పబ్లిక్ పరీక్షకు పంపుతున్నట్టు ప్రకటించారు.

తండ్రి సంతకానికి పేపరు ఇంటికి వచ్చింది. "ప్రాణనష్టం" పక్కన ఎర్ర సిరా ఉంది: "ఒక్క ఉదాహరణ అయినా ఇచ్చి ఉండవలసింది. ఒక మార్కు తగ్గించడమైనది."

మాస్టారు రెండుసార్లు చదువుకున్నారు. సంతకం చేసి, దాని కింద గీత గీశారు. వంకరపోలేదు.