పక్కవాళ్ళు వింటారు

రేవుపాలెంలో ఎవరైనా చనిపోతే, వాళ్ళు బతికుండగా మింగేసిన కేకలన్నీ పదకొండు రోజుల్లోగా వాళ్ళ వంటింటికి తిరిగి వచ్చి, అక్కడ పెట్టిన జాడీలో పడతాయి. ఆ జాడీలకు వాసెన కట్టి, తూచి, చీటీ అంటించి గోదాములో భద్రపరచడం మునిసిపాలిటీలో మూడో విభాగం పని. గంటి వీరభద్రం ఇరవై ఆరేళ్ళుగా ఆ విభాగానికి సూపర్వైజరు.

గోదాములో జాగా చాలదు కాబట్టి పాత జాడీలను ప్రజోపయోగానికి ఇవ్వవచ్చునని నిబంధన ఉంది. ఊళ్ళో ఫైరింజను మీద మోగేది, పై అధికారికి ఏనాడూ ఎదురు చెప్పని ఒక పోస్టుమాస్టరుగారి కేక. మంచు పట్టిన రోజుల్లో పడవలకు దారి చెప్పేది ఒక ఇంటి చిన్న కోడలిది. అది సముద్రం మీద ఏడు మైళ్ళు వినబడుతుంది.

అందుకే ‘కరెంటు రాలేదు’ అనే బ్యాండు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఎవరూ వింతగా చూడలేదు. నలుగురూ పాలిటెక్నిక్ చదివిన పిల్లలు. వాళ్ళు వాయించేది పాప్-పంక్. చెవులు గింగుర్లెత్తేంత గోల, ఆ గోల లోపల ఈల వేసుకోదగ్గ వరస. మొదటి ఆల్బంలో పది పాటలు, పాటకొక జాడీ కావాలని రాశారు. ‘కారణం’ అన్న గడిలో, పాటలు రాసి పాడే ఓలేటి సింధూర ఇలా నింపింది: ‘మా గొంతులు లేతవి. మా కోపం కూడా ఈమధ్యదే.’ ఆ గడిలో నిజం రాసినవాళ్ళను వీరభద్రం అంతకుముందు చూడలేదు. ఆ రోజే సంతకం పెట్టేశాడు.

తీసుకెళ్ళిన జాడీతో వాళ్ళు నడుచుకునే తీరు ఆయనకు మరీ నచ్చింది. వాసెన విప్పి, నలుగురూ నేలమీద కూర్చుని, ముందు చివరిదాకా వినేవాళ్ళు. ఆ తర్వాతే ఇమ్రాన్ డ్రమ్ముల దగ్గరికి వెళ్ళి, ఆ కేక నడకకు తన దెబ్బలు సరిచేసుకునేవాడు. పని అయ్యాక జాడీ కడిగి, ఎండలో ఆరబెట్టి, వాసెన గుడ్డను ఇస్త్రీ చేసి, చెప్పిన తేదీకి తెచ్చి అప్పగించేవాళ్ళు. ప్రభుత్వ గుడ్డను ఇస్త్రీ చేసి ఇచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో వేరే లేరు. ఆల్బం అట్ట వెనక తమ పేర్లు ఏ సైజులో వేసుకున్నారో, పోయినవాళ్ళ పేర్లూ అదే సైజులో వేశారు.

ప్రతి జాడీ అడుగునా, ఆ మనిషితో ఎవరో ఎప్పుడో అన్న మాట ఒకటి మడ్డిలా పేరుకుని ఉంది: ‘మెల్లిగా. పక్కవాళ్ళు వింటారు.’ ఆల్బంకు అదే పేరు పెట్టారు.

తొమ్మిది పాటలయ్యాయి. పదో జాడీ తాలూకు వారసుడు, తన తండ్రి కేక వియ్యాలవారి చెవిన పడకూడదని అనుమతి వెనక్కి తీసుకున్నాడు. స్టూడియో శనివారం దాకానే దొరుకుతుంది. మరో జాడీకి సంతకం కోసం గురువారం పొద్దున్నే సింధూర, ఇమ్రాన్ వీరభద్రం ఇంటికి వచ్చారు. ఆయన టీ కాస్తుంటే వంటింటి గడపలో నిలబడ్డారు.

“బాబాయ్ గారూ, ఆ అలమర్లో జాడీ ఎవరిదండి?” అంది సింధూర.

“మా ఆవిడదమ్మా. పోయి రెండేళ్ళయింది. అది ఖాళీదే. కాంతామణి గొంతు పెంచి ఎరగదు. ‘కేకలు లేవు’ అని రికార్డులో నేనే రాశాను.”

ఇమ్రాన్ జాడీని ఎత్తబోయి, ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ పట్టుకున్నాడు. “ఖాళీది ఇంత బరువుండదండి. మా నానమ్మదే ఇంత లేదు. ఆవిడకి పదకొండు మంది పిల్లలండి.”

“చెమ్మ పట్టుంటుంది.”

“ఊళ్ళో అందరివీ తూచారు కదండి,” అంది సింధూర. “ఇంట్లోది తూచలేదా?”

“తూచాల్సిన పనుందనుకోలేదమ్మా.”

టీ పొంగింది. ముగ్గురూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

తప్పుడు నమోదుకు చార్జి మెమో వస్తుంది. వీరభద్రం భయం దానికి కాదు. ముప్పై ఒక్కేళ్ళు తాను మంచి భర్తనని ఆయన నమ్మకం. ఆవిడ పోయాక ఆయనకు మిగిలిన ఆస్తి అదొక్కటే. లేదనేస్తే అడిగేవాళ్ళు లేరు. రికార్డులో లేని జాడీ లేనట్టే.

“అందులో నా పేరుంటే?”

“తీసేసి వాయిస్తామండి,” అన్నాడు ఇమ్రాన్.

“తీయం,” అంది సింధూర. “ఉంటే ఉంటుందండి.”

ఆ పిల్ల తనకు అబద్ధం చెప్పనందుకు వీరభద్రానికి ఎందుకో ఊరట కలిగింది. సవరణ ఫారం మూడు ప్రతుల్లో నింపి, వారసుడి అనుమతి మీద సంతకం చేశాడు. “విని నాకు చెప్పకండి. అందరితో పాటే వింటాను,” అన్నాడు.

ఆల్బం వచ్చింది. మొదట ఆటోల్లో మోగింది, తర్వాత కాలేజీ ఫెస్టుల్లో, ఆపైన విశాఖపట్నంలో, హైదరాబాదులో. ఇరవై ఏళ్ళ పిల్లల్లో ఇంత పండిన కోపం మునుపెన్నడూ వినలేదని ఒక పత్రిక రాసింది. అది సరైన మాటే. ఆ కోపం సగటు వయసు అరవై ఎనిమిది.

ఒక ఆదివారం సాయంత్రం సొంత ఊళ్ళో, మునిసిపల్ మైదానంలో కచేరీ పెట్టారు. పదో పాటకు ముందు సింధూర మైకు దగ్గరికి వచ్చి, “ఇది గంటి కాంతామణి గారిదండి,” అని మాత్రం చెప్పింది. ఇమ్రాన్ నాలుగు దెబ్బలు లెక్కపెట్టాడు. మైదానం చివర ఉన్న రేకుల షెడ్డు అదిరింది.

‘నేనింకా తినలేదు.’

అంతే. ఆ మూడు మాటలే, ముప్పై ఒక్కేళ్ళ బరువుతో, మళ్ళీ మళ్ళీ. వీరభద్రం తన పేరు కోసం వెతుక్కున్నాడు. లేదు. ఉన్నా బాగుండుననిపించింది. రోజూ ఎనిమిదిన్నరకు తాను తిని, చెయ్యి కడుక్కుని, పేపరు తెరుస్తూ కూర బాగుందని చెప్పేవాడు. చాలామంది మొగుళ్ళు అదైనా చెప్పరని ఆయన అనుకునేవాడు. ఎదురుగా రెండు వేల మంది పిల్లలు పిడికిళ్ళెత్తి, గొంతులు చించుకుని, ఆవిడ మాటను ఆవిడకన్నా బాగా అంటున్నారు. ఆయన వాళ్ళను చూసి లోలోపల దండం పెట్టుకున్నాడు.

పక్కనున్నాయన చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టి భార్యతో అన్నాడు. “ఏం పాడిందే పిల్ల, కడుపు తరుక్కుపోయింది. పద పద, ఇంటికెళ్ళి చపాతీలు చెయ్యాలి నువ్వు.”

ఆవిడ ‘ఊఁ’ అని చెప్పులు వెతుక్కుంది.

రెండో ఆల్బంకు ఇరవై జాడీలు కావలసి వచ్చాయి. వేరే ఊళ్ళ బ్యాండ్లూ దరఖాస్తులు పంపాయి. సరఫరాకు లోటు రాకుండా, గృహస్థులందరూ తమ ఇళ్ళలో ప్రస్తుతమున్న ప్రశాంతతనే ఇకముందు కూడా కాపాడవలసిందని మూడో విభాగం సర్క్యులర్ వేసింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరూ కొత్తగా ఏదీ మార్చుకోవలసి రాలేదు.

చార్జి మెమో తాలూకు శిక్షగా ఆ సర్క్యులర్‌ను ఇంటింటికీ పంచే పని వీరభద్రానికి పడింది. మధ్యాహ్నం రెండింటికి మొదటి వీధిలో మొదటి తలుపు కొట్టాడు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఒకావిడ వచ్చి కాగితం అందుకుంది. ఆయన వెళ్ళబోయి ఆగాడు.

“భోంచేశారా అమ్మా?”

ఎవరిని అడుగుతున్నాడా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అక్కడెవరూ లేరు.

“మా వారు తినేశారండి,” అంది.