మింగబడినవి

ఒక పెద్ద అడవిలో పాడేవాళ్ల కన్నా పాట మీద తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. కోయిల గొంతు సవరించుకుంటే చాలు, కూత బయటికి రాకముందే కింద నలుగురు పెదవి విరిచేవారు.

ఈ గోలనంతా ఒక పద్ధతిలో పెడదామని ముళ్లపంది కంటకేశ్వరరావు 'పచ్చాకు' అనే పత్రిక పెట్టాడు. తన ముల్లు తనే పీక్కుని టేకాకుల మీద రాసేవాడు. మొదట్లో ఆ రాత గుచ్చుకునేది. సన్మానాలు మొదలయ్యాక ఆయనకు ముళ్లన్నీ వెనక్కి దువ్వుకుని నూనె రాసుకోవడం అలవాటైంది. ఇప్పుడు కుందేలు పిల్లలు కూడా ఆయన వీపు మీద జారుడుబండ ఆడుకోవచ్చు.

పచ్చాకులో నక్షత్రాలిచ్చే ఆచారం ఒకటుంది. నక్షత్రాలంటే మిణుగురులే. సమీక్ష రాసిన ఆకును కొమ్మకు తగిలించి, పొద్దుగూకే వేళ దాని మీద మిణుగురుల్ని కూర్చోబెడతారు. ఒక్కటి కూర్చుంటే పాట దండగ. ఐదు కూర్చుంటే కళాఖండం. ఆకు మీద ఏం రాసుందో ఎవరికీ పట్టదు. దూరం నుంచే వెలుగులు చూసుకుని, తల ఊపుకుంటూ వెళ్లిపోతారు.

సంగీతం పేజీ రాసేది గోరువంక వరదమ్మ. ఆమె ఏ బడికీ వెళ్లలేదు. రాలిపడిన పాత ఆకులు ఏరుకుని చదివింది. అర్థం కానిదాన్ని కనపడిన ప్రతివాణ్ణీ అడిగి, విసిగించి, తిట్లు తిని నేర్చుకుంది. అందుకేనేమో, అర్థం లేని వాక్యం కనపడితే ముక్కుతో పొడవకుండా ఉండలేదు. పైగా ఏ గొంతయినా ఒకసారి వింటే చాలు, అచ్చం అలాగే పలికేది. ఉద్యోగంతోపాటు ఆమెకు ఆఫీసున్న మద్దిచెట్టులోనే ఒక తొర్ర ఇచ్చారు. ఆ తొర్రలో ఇప్పుడు లేత నీలం గుడ్లున్నాయి.

వానలు మొదలయ్యాయో లేదో, కంటకేశ్వరరావు ఆమెను పిలిచాడు.

"వరదమ్మా, ఎం.సి. బురద కొత్త ఆల్బమ్ వస్తోంది. పేరు 'మళ్లీ బురదలోకి'. ఐదు మిణుగురుల సమీక్ష రాసిపెట్టు."

"విన్నాక చెప్తానండీ."

"వినకముందే నేను చెప్తున్నానుగా!"

ఎం.సి. బురద అసలు పేరు బురదయ్య. గండు కప్ప. ఈ అడవికి హిప్-హాప్ తెచ్చిందే ఆయన. అప్పట్లో తూర్పు గుంటలో నీరుకట్టె పాము ఒకటి తిరిగేది. కప్పల గుడ్లు, పిట్టల గుడ్లు అని తేడా చూడకుండా మింగేది. అందరికీ తెలుసు, ఎవరికీ నోరు లేచేది కాదు. ఒక వాన రోజున బురదయ్య గుంట మధ్యలో రాయెక్కి, పొట్ట ఉబ్బించి, ర్యాప్ మొదలుపెట్టాడు:

"గుంటలో నీళ్లు, నీళ్లలో కళ్లు,
కళ్ల ముందే పోయె మా ఇంటి గుడ్లు!
ఎవరు మింగారు?"

"నీరుకట్టె!" అంది గుంట.

"ఎవరు మింగారు?"

"నీరుకట్టె!" అంది అడవి.

అంతమంది నోట తన పేరు వినేసరికి పాము సిగ్గుపడిందో భయపడిందో గానీ, గుంట వదిలి పోయింది. ఆ ఏడు వరదమ్మ తల్లి పెట్టిన గుడ్లు పొదగబడ్డాయి... కాదు కాదు, తల్లి పొదిగింది. అందులోంచే వరదమ్మ వచ్చింది. అంటే ఆమె ఈ లోకంలో ఉండటానికి ఒక పాట కారణం. చిన్నప్పుడు విన్న ఆ పాట ఆమెకు ఇప్పటికీ నోటికి వచ్చు, బురదయ్య పడుచు గొంతుతో సహా.

పోయిన పాము తామర కొలనులో తేలింది. ఒక వేసవిలో కుబుసం విడిచి, జలజాక్షి గారనే పేరుతో కళాపోషక సంఘానికి అధ్యక్షురాలైంది. ముందుగా ఎవరిని పోషించిందనుకున్నారు? బురదయ్యనే.

ఆల్బమ్ వినిపిస్తామని కబురొస్తే వరదమ్మ కొలనుకు వెళ్లింది. అంతా తామరాకులూ, తేట నీళ్లూ, అత్తరు వాసనా. మధ్యలో పెద్దాకు మీద బురదయ్య కూర్చున్నాడు. ఆయన బురద తొక్కి ఏళ్లు గడిచాయి కాబట్టి, తూర్పు గుంట నుంచి ఒక కుండెడు బురద మోయించి పూయిస్తున్నారు.

"అక్కడ కాదు, బుగ్గ మీద! కష్టాలు పడ్డట్టు కనపడాలి!" అంటూ జలజాక్షి గారు దగ్గరుండి పురమాయిస్తోంది. "తిండి మాన్పించండయ్యా. ఆవిష్కరణ దాకా పురుగు ముట్టనివ్వకండి. ఆకలి గురించి పాడేవాడికి ఆ పొట్టేమిటి?"

వడ్రంగిపిట్ట బీట్ అందుకుంది. బురదయ్య మొదలుపెట్టాడు:

"గుంటలో నీళ్లు, జ్ఞాపకాల ముళ్లు,
కాలగతిలో మింగబడినవి గుడ్లు...
మింగబడినవి... ఖళ్... మింగబడినవి..."

మధ్యలో వచ్చిన దగ్గును కూడా అలాగే ఉంచేశారు. పక్కన కూర్చున్న చిలుక సమీక్షకుడు కళ్లు మూసుకుని, "పరిణతి! పరిణతి! ఆ దగ్గులో ఎంత వేదన!" అన్నాడు.

వరదమ్మ కళ్లు మూసుకోలేదు. పాట అయ్యాక బురదయ్య పక్కకు వచ్చి వాలింది.

"ఎలా ఉంది చెల్లెమ్మా?"

"గుడ్లు ఎవరు మింగారన్నా?"

"అదే... మింగబడినవి కదా."

"ఎవరి చేత?"

"కాలం చేత అనుకో."

"కాలం ఈదుకుంటూ వచ్చిందా? పాక్కుంటూ వచ్చిందా?"

బురదయ్య అటూ ఇటూ చూశాడు. జలజాక్షి గారు కాస్త దూరంలో, కళ్లు మాత్రమే నీళ్లపైన పెట్టి చల్లగా చూస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు.

"మునుపటి దమ్ము లేదమ్మా. అంత పెద్ద పేరు పలకాలంటే ఊపిరి అందట్లేదు."

"'నీరుకట్టె' నాలుగక్షరాలు. 'మింగబడినవి' ఆరు. దానికి బాగానే అందుతోందే!"

బురదయ్య బుగ్గ తడుముకున్నాడు. బుగ్గ మీది బురద ఎండి పెచ్చుగా రాలింది. ఒక్క క్షణం ఆమెకు జాలేసింది. ఆ వెంటనే ఆయన, "రాసేటప్పుడు 'పరిణతి' అనే మాట తప్పకుండా వెయ్యి" అన్నాడు. జాలి ఎగిరిపోయింది.

మర్నాడు ఆమె ఇచ్చిన సమీక్ష చూసి కంటకేశ్వరరావు ఆకును తిరగేశాడు. వెనక ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిప్పాడు. ఒకే ఒక్క వాక్యం. 'ఎవరు మింగారు?'

"ఇది సమీక్షా, పోలీసు కేసా?"

"ఆల్బమ్‌లో ఉన్నదాని గురించి చిలుక రాస్తాడు. లేనిదాని గురించి నేను రాశాను."

"చూడు వరదమ్మా. ఆయన పెద్ద కళాకారుడు. పాత పేర్లు తవ్వితే ఎవరికి లాభం? నీ మంచికే చెప్తున్నా. తొర్రలో గుడ్లు పెట్టుకున్నావు. ఉద్యోగం పోతే తొర్ర పోతుంది. జలజాక్షి గారు కూడా నిన్న ఎంతో ఆప్యాయంగా అడిగారు, అందులో గుడ్లెన్ని ఉన్నాయని."

 వరదమ్మ తిన్నగా తొర్రకు పోయి గుడ్ల మీద కూర్చుంది. గుడ్లను ముక్కుతో ఎత్తుకుపోవడం కుదరదు. వాటిని వదిలి తను పోవడమూ కుదరదు. కిందికి చూస్తే కొలను నుంచి మద్దిచెట్టు దాకా గడ్డి పల్చగా ఒరిగి, సన్నటి బాట ఒకటి కనపడింది. ఎవరో రోజూ ఆప్యాయంగా వచ్చి చూసి పోతున్నారు.

సాయంత్రానికి ఆమె పేరు కింద వేరే సమీక్ష వేలాడింది. అందులో 'శ్రోతల హృదయాలు దోచుకోబడినవి, కన్నీళ్లు కార్చబడినవి' అని రాసుంది. దాన్ని చదివి ఆమె పైకే అంది: "ఓహో. నా పేరు కూడా మింగబడినదన్నమాట."

ఆవిష్కరణ రోజు పొద్దుగూకే వేళకు అడవంతా కొలను గట్టుకు చేరింది. తూర్పు గుంట జనం కూడా వచ్చారు. జలజాక్షి గారు కళ్లెదుటే ఉంటుందన్న ధైర్యంతో వరదమ్మ కూడా కాసేపు తొర్ర వదిలి వచ్చింది. ఈసారి నక్షత్రాలు ఆకు మీద కాకుండా, ఏకంగా వేదిక మీదే కూర్చోవాలని జలజాక్షి గారి ఆలోచన. బురదయ్య కూర్చున్న తామరాకు అంచున, ఆయన ముక్కుకు జానెడు దూరంలో, ఐదు మిణుగురులు వరసగా కూర్చున్నాయి.

వరదమ్మ వాటి దగ్గరికి ఎగిరి వెళ్లింది. "ఏమయ్యా, కాస్త దూరంగా జరగండి. అది కప్ప. పైగా కొన్నాళ్లుగా పస్తులుంటోంది."

మిణుగురుల పెద్ద, పేరు తళుకు, చిరాగ్గా వెలిగి ఆరాడు. "మేము నక్షత్రాలమమ్మా. పురుగులం కాదు. ఆయన మాకు మర్యాద ఇస్తాడు."

"మర్యాద ఆయన ఇస్తాడు సరే, ఆయన పొట్ట ఇవ్వొద్దూ?"

"కూర్చోమన్నచోట కూర్చోవడమే మా పని" అన్నాడు తళుకు.

బీట్ మొదలైంది. ఒంటినిండా బురదతో, లోపలికి పోయిన పొట్టతో బురదయ్య నిజంగానే పాత రోజుల్లోలా ఉన్నాడు. గట్టు మీద ముసలి కప్పలు కొన్ని కళ్లు తుడుచుకున్నాయి. "గుంటలో నీళ్లు" అనగానే కేకలు. 'గుడ్లు' దగ్గరికి వచ్చేసరికి అందరూ పొట్టలు ఉబ్బించి సిద్ధమయ్యారు. పాత అలవాటు.

"మింగబడినవి..." అన్నాడు బురదయ్య.

ఉబ్బిన పొట్టలన్నీ అలాగే ఆగిపోయాయి. దీనికి ఏమని బదులివ్వాలో ఎవరికీ తెలియలేదు.

"మింగబడినవి... ఖళ్... ఖళ్..." ఆయన ఊపిరి తెగింది. వడ్రంగిపిట్ట కూడా ఆగింది.

వరదమ్మ మద్దిచెట్టు వైపు ఒకసారి చూసింది. ఆ తొర్రలో తన గుడ్లు. ఈ నీళ్లలో ఆ కళ్లు. తను నోరు మూసుకున్నా ఎలాగూ ఆ గడ్డిబాట మూసుకుపోదు.

నిశ్శబ్దంలోకి కొమ్మ మీది నుంచి బురదయ్య పడుచు గొంతు దూసుకొచ్చింది: "ఎవరు మింగారు?"

"నీరుకట్టె!" అంది గట్టు మొత్తం, ఆలోచించుకునే లోపే.

"ఎవరు మింగారు?"

"నీరుకట్టె!"

జలజాక్షి గారు పడగ లేని తలను పడగలా ఎత్తింది. నీళ్లు చీల్చుకుంటూ వేదిక వైపు వస్తుంటే బురదయ్య ఆకుకు అతుక్కుపోయాడు. తనది కాని తన గొంతు పైన, పాము ఎదురుగా, ఆకలి లోపల. సరిగ్గా అప్పుడే ముక్కు ముందు తళుకు మర్యాదగా వెలిగాడు.

నాలుక ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. తళుకు లేడు. తర్వాత రెండోది లేదు. కాసేపటికి తామరాకు అంచు అంతా చీకటి. ఆల్బమ్‌కు వచ్చిన నక్షత్రాలన్నీ ఆల్బమ్ చేసినవాడి కడుపులో ఉన్నాయి.

వరదమ్మ ముక్కు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆమె అనుకున్నది ఇది కాదు.

బురదయ్య ఏదో సర్దిచెప్పబోయాడు. నోరు తెరవకుండానే గొంతు సంచి పచ్చగా వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

ఆమె తేరుకుని అదే గొంతుతో, ఈసారి మెల్లగా అడిగింది: "ఎవరు మింగారు?"

 కళ్లు తుడుచుకున్న ముసలి కప్ప ఒకటి, "బురదయ్య" అంది. ఆ వెనక గుంట అంది. ఆ వెనక అడవి అంది.

"కార్యక్రమం ఇంతటితో ముగించబడినది" అని జలజాక్షి గారు మునిగిపోయింది.

మర్నాడు పచ్చాకులో వార్త: 'నిన్నటి వేడుకలో కొన్ని మిణుగురులు మింగబడినవి. ఆల్బమ్ విశేషంగా ఆదరించబడినది.'

దాని పక్కనే, మద్దిచెట్టుకు ఒక నోటీసు: 'తొర్ర వెంటనే ఖాళీ చేయబడవలెను.'

వరదమ్మ తొర్రలోంచి తల బయటపెట్టింది. "ఎవరు ఖాళీ చేయిస్తున్నారండీ?"

"ఖాళీ చేయబడాలి" అన్నాడు కంటకేశ్వరరావు.

"అర్థమైందండీ. ఎవరి చేత? ఆ పేరు ఒక్కటి రాయండి. ఇప్పుడే పోతాను."

ఆయన ముల్లు పీకబోయాడు. నూనెకు చెయ్యి జారింది. కింద తూర్పు గుంట జనమంతా చేరి, పొట్టలు ఉబ్బించి, ఆ పేరు కోసం ఎదురుచూస్తున్నారు. తన పేరు రాస్తే సాయంత్రానికి అది పాటవుతుంది. అసలు పేరు రాస్తే తనకు సన్మానాలుండవు. కర్త ఉన్న వాక్యం రాసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

"ఆలోచించబడుతుంది" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పేరు లేని నోటీసును అమలు చేయడానికి పేరున్నవాడెవడూ రాలేదు. ఆకు ఎండి, ముడుచుకుని, ఒక గాలికి రాలిపోయింది. సంగీతం పేజీ చిలుకకు ఇచ్చారు. గడ్డిబాటలో ఎప్పుడు అలికిడి అయినా గుంట జనం "ఎవరు?" అని ఒక్క గొంతుతో అడిగేవారు. బాట మీద మళ్లీ గడ్డి లేచింది. తొర్రలో పిల్లలు లేచాయి. వాటికి వరదమ్మ నేర్పిన మొదటి మాట కూడా ఆ 'ఎవరు?'నే.

బురదయ్యకు ఆ ఏడు జీవన సాఫల్య పురస్కారం ప్రదానం చేయబడినది. సన్మాన సభలో దీపం వెలిగించడానికి మాత్రం ఒక్క మిణుగురూ రాలేదు.

నీతి: ఏది మింగినా పేరు బయటపడని వాక్యం రాసిపెట్టేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు; కాకపోతే వెలిగేవాటిని మాత్రం మింగకండి.