ఖాళీ మెమరీకి కాపలా

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. మా ఆవిడ రాహేలు ఆ సంగతి మర్చిపోయినా నేను మర్చిపోనివ్వను. తప్పు చేసినప్పుడల్లా అదే నా సాకు.

రేపల్లెలో మాది చిన్న డీటీపీ షాపు. టైపు ఆవిడది, జిరాక్సు నాది. బోర్డు మీద పేరు మాత్రం రాజారత్నం, అంటే నేనే.

ఒకరోజు పొద్దున్నే, ఏ పనీ మొదలెట్టకుండా కంప్యూటర్లో మెమరీ చూశాను. ఎనిమిది జీబీలో ఖాళీ పావు కూడా లేదు! ఊరికే కూర్చుని ఇంత మింగితే, పని చెబితే షాపునే మింగుద్ది.

మెమరీ ఖాళీ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాను. నొక్కితే ఖాళీ అయింది. కాసేపటికి మళ్ళీ నిండింది. నాతోనా? నిమిషానికోసారి దానంతటదే ఖాళీ చేసేలా పెట్టాను.

తొమ్మిదింటికి సుందరయ్యగారొచ్చారు. మూడింటికి బాపట్ల చర్చిలో ఆయన తమ్ముడి కూతురి పెళ్లి. పాటలతో సహా ఆరాధన క్రమం రెండొందల కాపీలు కావాలి. అది లేకపోతే రెండో చరణం ఎవరికీ రాదు.

రాహేలు పాటల ఫైలు తెరిచింది. మూసిన ఫైలే మళ్ళీ తెరిస్తే రెండు నిమిషాలు పడుతోంది. పదకొండింటికి సుందరయ్యగారు లేచారు.

"అమ్మా, నేను పోతున్నా. పెదనాన్న లేకుండా పెళ్లేంటి? మీరే పంపండి."

"ఏంటండీ దీనికి రోగం?" అంది రాహేలు నాతో.

"మెమరీ నిండిపోతోంది. నేను నిమిషానికోసారి ఖాళీ చేయిస్తున్నా."

ఆవిడ కుర్చీ నావైపు తిప్పింది.

"నిజాంపట్నం బస్సు ఎక్కారుగా? ఖాళీ సీట్లో చేపల బుట్ట పెట్టుకుంటారు. మనిషొస్తే తీసి చోటిస్తారు. అవునా?"

"అవును."

"ఇదీ అంతే. వాడిన ఫైళ్ళని ఖాళీ చోట్లో దగ్గర పెట్టుకుంటుంది, మళ్ళీ అడిగితే వెంటనే ఇద్దామని. మీరేమో నిమిషానికోసారి బుట్టలు కిటికీలోంచి విసిరేస్తున్నారు. పాపం, అది బస్సు దిగి ఏరుకొస్తోంది!"

"ఏడో తరగతి వాణ్ణి..."

"ఆరో తరగతి వాళ్ళు కూడా ముట్టుకోకుండా ఊరుకుంటారు."

ఆ సాఫ్ట్‌వేర్ పీకేసింది. పన్నెండున్నరకల్లా కాపీలన్నీ చేతిలో పెట్టి నన్ను బస్సెక్కించింది. సీటు దొరకలేదు. బాపట్ల దాకా కట్ట నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను.

చెమటతో చర్చిలోకి అడుగుపెడితే జనమంతా ఫోన్లు చూసి పాడుతున్నారు. సుందరయ్యగారు నవ్వారు.

"మీరు బస్సెక్కిన పది నిమిషాలకే రాహేలమ్మ పాటలన్నీ ఫోన్లో పంపిందండి."

నా కాగితాలు ముసలాళ్ళు విసురుకోడానికి పనికొచ్చాయి.

బయటికొచ్చి ఫోన్ చేశాను. "ఫోన్లో పంపేదానివి, నన్నెందుకు పంపావే?"

"షాపులో ఇంకా మూడు పెళ్లిళ్ళ పనుందండి. మీరు అక్కడే భోంచేసి, ఆఖరి బస్సుకి రండి."

ఆఖరి బస్సుకే వెళ్ళాను.