వీధిపెద్ద పదవీ, ఇస్త్రీపెట్టె కుట్రా

పుర్వాడి అనే ఆయనకి ఈ ప్రపంచంలో తెలియనిది ఒక్కటే, నోరు ఎప్పుడు మూసుకోవాలో. మిగతావన్నీ తెలుసు. ఫ్యాను గదిని చల్లబరచదనీ, కింద కూర్చున్నవాడి చెమట ఆరబెడుతుందంతేననీ తెలుసు. లిఫ్టులో తలుపు మూసే బొత్తాం చాలాచోట్ల ఉత్తుత్తిదేననీ, నొక్కేవాడి తృప్తి కోసం ఉంచారనీ తెలుసు. టీవీ రిమోటు మూతిని ఫోను కెమెరాలో చూస్తే మామూలు కంటికి ఆనని వెలుగు కనిపిస్తుందనీ తెలుసు. ఇవన్నీ పగలు ఫోనులో చూస్తాడు. సాయంత్రం అరుగుమీద కూర్చుని భార్య కసియాతికి అప్పజెబుతాడు.

"అన్నం కుక్కరుకి టైము చూడ్డం రాదు, తెలుసా దిక్? నీళ్ళున్నంతసేపూ గిన్నె మరుగు వేడి దాటదు. నీళ్ళింకాక వేడి పెరుగుతుంది. ఆ వేడికి అడుగున ఉన్న అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. టక్. అదీ సంగతి."

"వేడెక్కితే వదిలెయ్యాలని కుక్కరుకి కూడా తెలుసన్నమాట. మీకే తెలీదు మాస్," అంది కసియాతి బియ్యం ఏరుతూ.

దిక్ అంటే చెల్లెలు, మాస్ అంటే అన్న. జావాలో మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. ఆ పిలుపులోని ప్రేమ ఇద్దరిలో ఎవరి దగ్గర ఎంత మిగిలిందో అడక్కూడదు.

సోలో అనే ఊళ్ళో వాళ్ళ వీధిలో ప్రతి ఇంటికీ కరెంటు వాడకానికి ఒక హద్దు ఉంది. పుర్వాడి ఇంటి హద్దు పదమూడు వందల వాట్లు. ఇస్త్రీపెట్టె, కుక్కరు, నీళ్ళ మోటారు, మంచినీళ్ళు కాచే మిషను ఒక్కసారి పనిలోకి దిగాయంటే, బయట గోడమీద మీటరు మీట టప్పున పడి ఇల్లంతా చీకటవుతుంది. కుళాయి తిప్పితే మోటారు దానంతట అదే తిరుగుతుంది. అందుకే స్నానానికి వెళ్ళేవాళ్ళు "కుళాయి తిప్పుతున్నా, ఇస్త్రీ ఆపండి" అని కేకేసి మరీ వెళ్ళడం అక్కడి మర్యాద.

పుర్వాడి దీనికో చట్టం చేశాడు. కుక్కరుకి ఒక వేళ, మోటారుకి ఒక వేళ, ఇస్త్రీకి ఒక వేళ, ఉపన్యాసానికి మాత్రం వేళాపాళా లేదు. ఈమధ్య కొన్ని వారాలుగా మీట ఒక్కసారీ పడలేదు. అదంతా తన చట్టం మహిమేనని వీధి చివర కాపలా గుడిసెలో చెప్పుకున్నాడు. విన్నవాళ్ళు ఆవలించారు. అతగాడు దాన్ని ఆశ్చర్యంతో నోళ్ళు తెరవడంగా జమ కట్టుకున్నాడు.

అలా చెప్పీ చెప్పీ కొంప మీదికి తెచ్చుకున్నాడు. "అన్నీ తెలిసినవాడు, వీధిపెద్దగా బాగుంటాడు" అని నలుగురూ అనుకోవడం మొదలైంది.

వీధిపెద్ద పదవంటే జీతం లేని చాకిరీ. పక్కింటి మేక కూరపాదు మేస్తే ఆయన తలుపు కొడతారు. మురుగుకాలవ పొంగితే ఆయన తలుపు. మొగుడూ పెళ్ళాం తిట్టుకున్నా ఆయన తలుపే. పాత పెద్ద దర్మాజీకి ఆ పదవి రాకముందు నెత్తిన జుట్టుండేది. ఇప్పుడు దిగిపోతానని ఆయన కనబడినవాళ్ళందరి చేతులూ పట్టుకుంటున్నాడు.

పుర్వాడికి వణుకు పుట్టింది. అరుగు, చేతిలో ఫోను, ఎదురుగా పారిపోవడానికి వీల్లేని ఒక శ్రోత. ఇంత సుఖం వదులుకుని ఎవరి మేకల వెనకో తిరగాలా?

ఆ వీధిలో ఎన్నిక పద్ధతి కూడా విచిత్రం. ఓట్లూ గీట్లూ ఉండవు. సమావేశానికి ఎవడు రాకపోతే వాడి నెత్తిన పెడతారు. వద్దనడానికి వాడుండడు కదా. అందుకని ఎన్నిక రోజున మాత్రం అందరూ ఠంచనుగా వస్తారు. కాలికి కట్టు కట్టించుకున్నవాడు ఇద్దరి భుజాలమీద వస్తాడు. జ్వరంతో ఉన్నవాడు దుప్పటితో సహా వచ్చి గోడకు చేరగిలబడతాడు.

ఈసారి సమావేశం వంతు పుర్వాడి ఇంటికే వచ్చింది. రాకుండా ఉండే భయం లేదు గానీ, అందరూ వస్తే తన పేరే పైకొస్తుందన్న భయం పట్టుకుంది. ఆ నెల ఎన్నిక జరక్కపోతే పాతాయనే ఇంకో మూడేళ్ళు కొనసాగాలని వీధి కట్టుబాటు. దాన్ని పట్టుకుని పుర్వాడి బుర్ర పాదరసంలా పరుగెత్తింది. ఎన్నిక మొదలయ్యే వేళకు వంటింట్లో అన్నీ ఒక్కసారి పెట్టేస్తే సరి. మీట పడుతుంది. మళ్ళీ ఎత్తినా మళ్ళీ పడుతుంది. చీకట్లో, ఉక్కలో, దోమల్లో ఎవడు కూర్చుంటాడు? పాపం దర్మాజీ. ఆయనకు ఊడడానికి ఇంక జుట్టు కూడా లేదు.

ఆ సాయంత్రం కసియాతి వంటింట్లోకి వచ్చి చూసింది.

"ఇస్త్రీపెట్టె ఇక్కడెందుకుంది?"

"చొక్కా ముడతలు పడింది."

"ఒంటిమీదున్న చొక్కాకి వంటింట్లో ఇస్త్రీ చేస్తారా? కుక్కర్లో మళ్ళీ బియ్యం ఎవరు పోశారు? అన్నం ఎప్పుడో వండేశాను."

"చాలకపోతే?"

"మీ బుర్ర తప్ప ఇంట్లో చాలనిదేదీ లేదు మాస్. పోయి చాపలు పరవండి." ఆవిడ అతన్ని ఒక్క క్షణం తేరిపార చూసింది. తర్వాత అరిటాకులో చుట్టిన జిగురుబియ్యం ముద్దలు, అదే లెంపర్లు, పళ్ళెంలో పేర్చుకుంటూ ఉండిపోయింది.

మగవాళ్ళంతా వచ్చి చాపలమీద కూర్చున్నారు. కాలికట్టు వచ్చింది, దుప్పటీ వచ్చింది. పక్క ఊళ్ళో బంధువుల పెళ్ళికి వెళ్ళిన గునార్సో మధ్యలో లేచి మోటారుసైకిలుమీద వచ్చిపడ్డాడు. టీలు అయ్యాయి. దర్మాజీ గొంతు సవరించుకున్నాడు. పుర్వాడి చల్లగా జారుకున్నాడు.

ముందు ఇస్త్రీపెట్టె పెట్టాడు. కుక్కరు నొక్కాడు. నీళ్ళు కాచే మిషను పెట్టాడు. కళ్ళు మూసుకుని కుళాయి పూర్తిగా తిప్పాడు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు లాగుతుందని అతనికి తెలుసు. దీపం రెప్ప వేసింది. పుర్వాడి గుండె ఎగిరింది. దీపం మళ్ళీ నిమ్మళంగా వెలిగింది.

"ఇదేం పాపం," అని గొణుక్కుని మిక్సీ పెట్టాడు. ఖాళీ జారు కీచుమని అరిచింది.

"లోపల ఏం రుబ్బుతున్నారు?" అని ఎవరో అడిగారు.

"మిరపకాయలు," అన్నాడు పుర్వాడి.

అంతలో ఇస్త్రీపెట్టె ఎర్రదీపం ఆరిపోయింది. తగినంత వేడెక్కగానే దానంతట అదే కరెంటు తీసుకోవడం మానేస్తుందనీ, చల్లబడితే మళ్ళీ మొదలుపెడుతుందనీ కూడా మన పండితుడికి తెలుసు. తెలిసినవాడు ఊరుకుంటాడా? దానిమీద చెంబుతో నీళ్ళు చిలకరించాడు. బుస్సుమని ఆవిరి లేచి కళ్ళజోడు కమ్మేసింది. తడుముకుంటూ వెనక్కి జరిగితే మోచెయ్యి తగిలి మిక్సీ మూత ఎగిరింది. కుళాయి కింది తొట్టి నిండి నీళ్ళు పాదాలమీదుగా పారుతున్నాయి. మీట మాత్రం పడలేదు. నీళ్ళలో నిలబడి కరెంటు సామాను ముట్టుకోకూడదన్న విషయం ఒక్కటే ఆ జ్ఞానికి గుర్తురాలేదు. దేవుడు దయగలవాడు.

అప్పుడే హాల్లో చప్పట్లు వినిపించాయి.

కసియాతి ఖాళీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. ముందు అన్ని స్విచ్చులూ ఆపింది. తర్వాత కుళాయి కట్టింది.

"చప్పట్లెందుకు?" అన్నాడు పుర్వాడి.

"మీకే."

హాల్లోకి వెళ్ళేసరికి దర్మాజీ వచ్చి తడి చొక్కాతో సహా కౌగలించుకున్నాడు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆయన మొహంలో నవ్వు కనిపించింది.

"నేను ఇంట్లోనే ఉన్నానండీ. రానట్టెలా అవుతుంది?" అన్నాడు పుర్వాడి ఏడుపు గొంతుతో.

"ఇంట్లో ఉన్నారు పుర్వాడిగారూ, సమావేశంలో లేరు," అన్నాడు గునార్సో. "మిరపకాయలకి అంత తొందరేం వచ్చింది?"

కాలికట్టు లేచి ఎవరి సాయం లేకుండా నడిచి వెళ్ళిపోయాడు. దుప్పటి తీసి మడిచేసుకుని జ్వరం కూడా వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక పుర్వాడి తేలు కుట్టిన దొంగలా చాపమీద కూలబడ్డాడు.

"దిక్, మీట ఎందుకు పడలేదు?"

"మీరు మీ అక్కగారింటికి వెళ్ళినప్పుడు కరెంటు ఆఫీసువాళ్ళని పిలిచి హద్దు పెంచించాను. ఇప్పుడు రెండువేల రెండువందలు."

"మరి నా చట్టం?"

"దాని దారిన అది ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెబితే మీరు వోల్టులూ ఆంపియర్లూ అంటూ నా ప్రాణం తీసేవాళ్ళు. మీట పడకుండా ఉండడానికి డబ్బు కట్టాను. ఉపన్యాసం వినకుండా ఉండడానికి నోరు మూసుకున్నాను."

పుర్వాడి ఆవిరి పట్టిన కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. "నేను లేనన్న సంగతి ఎవరు చెప్పారు? అంత జనంలో ఎవరికీ తెలిసుండదే."

కసియాతి గ్లాసులు పోగుచేస్తోంది. "దర్మాజీగారు ఎవరు రాలేదని అడిగారు. అందరూ బిక్కమొహాలు వేసుకుని ఒకరినొకరు చూసుకున్నారు. నేను టీ పోస్తూ, మా ఆయన లేరండీ అన్నాను. అంతే."

"సొంత మొగుణ్ణి పట్టిస్తావా?"

"పెళ్ళైనప్పట్నుంచీ వింటున్నాను మాస్. కుక్కరు కథా నేనే విన్నాను, ఫ్యాను కథా నేనే విన్నాను. విసుగొచ్చేసింది. నాకున్నవి రెండే చెవులు. వీధి నిండా చెవులున్నాయి, కొంచెం వాళ్ళకీ పంచండి."

ఆ మాట పుర్వాడికి బాధ కలిగించింది గానీ, అంతలోనే కొంచెం ఆశ కూడా కలిగించింది. నిజమే, వీధి నిండా చెవులు. అతను చొక్కా పిండుకుంటూ నడుం నిటారుగా పెట్టాడు.

తలుపు చప్పుడైంది. నాలుగిళ్ళ అవతలుండే మార్సినా అనే ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"పెద్దాయనా, మా పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు చచ్చేంత మోత పెడుతోంది. చంటిపిల్ల నిద్రపోవడం లేదు."

పుర్వాడి కళ్ళు మెరిశాయి. "మోటారు మోత ఎందుకు పెడుతుందంటేనమ్మా, అసలు దాని లోపల..."

"లోపలేముందో నాకెందుకండీ? వచ్చి ఆపించండి. కాలవ దాటేటప్పుడు జాగ్రత్త, అదీ పొంగింది. ఆ సంగతి కూడా మీరే చూడాలి."

పుర్వాడి ఆవిడ వెనకాలే వెళ్ళాడు. వీధిలో అతను ఏదో మొదలుపెట్టడం, ఆవిడ మధ్యలో తుంచెయ్యడం కాసేపు వినిపించి ఆగిపోయింది. కసియాతి తలుపు దగ్గరకు వేసుకుని, మిగిలిన లెంపరు ఒకటి ఒలుచుకుని చాపమీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. తమ ఇంటి గోడ గడియారం టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుందన్న విషయం ఆవిడకు ఆరోజే తెలిసింది.